తడిసిన నకలు

నేను ఒక నకళ్ల పుస్తకాన్ని. మద్రాసులో ఒక స్టేషనరీ కార్ఖానాలో పుట్టాను. ఐదు వందల కాగితాలు, ఒక్కొక్కటీ ఉల్లిపొరంత పల్చన. మిగతా పుస్తకాల మీద మనుషులు రాస్తారు. నా మీద ఎవరూ రాయరు, నొక్కుతారు.

సీతాలంక కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం అదే. కాలేజీ నుంచి బయటికి పోయే ప్రతి ఉత్తరాన్నీ ముందు నా దగ్గరికి తేవాలి. హెడ్ గుమాస్తా నా కాగితం ఒకటి కుంచెతో తడుపుతాడు. దాని కింద నూనె పట్టించిన దళసరి కాగితం పెడతాడు, తడి లోపలికి దిగకుండా. ఉత్తరాన్ని తడి కాగితం మీద బోర్లించి, నన్ను మూసి, ఇనప ప్రెస్సులో పెట్టి చక్రం బిగిస్తాడు. ఉత్తరంలోని సిరా కొంచెం నాకు అంటుకుంటుంది. అసలు ఉత్తరం టపాకి పోతుంది, నకలు నాలో ఉంటుంది. ముందువైపు చూస్తే అక్షరాలు తిరగబడి ఉంటాయి. కాగితం తిప్పి వెలుగుకు పట్టుకుంటే చక్కగా చదవొచ్చు.

పదమూడేళ్లు ఆ ఆఫీసు ఆడిన ప్రతి మాటకీ నేను సాక్షిని. ఆ గర్వం నాకు లేదని అబద్ధం చెప్పను.

1912 జూలైలో ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ చయనులుగారు ఒక ఉత్తరం తెచ్చి గుమాస్తా బల్ల మీద పెట్టారు. అప్పటికి వారం కిందట కోట దానమ్మ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇంటర్మీడియట్ క్లాసులో చేరింది. మాలపల్లి నుంచి వచ్చింది. మిషన్ బడిలో మెట్రిక్ ప్యాసైంది. ఆడపిల్ల, అందులోనూ ఆ పల్లె పిల్ల తమ కొడుకుల పక్కన కూర్చోవడమా అని ఊరి పెద్దలు పదకొండు మంది అర్జీ పెట్టారు. ఆ ఉత్తరం దానికి జవాబు.

"నరసయ్యగారూ, నకలు తీసి ఇవాళే టపాలో వేయండి."

హెడ్ గుమాస్తా పేరి నరసయ్య ఉత్తరం చదివాడు. మొహం జేవురించింది. "ఊరంతా మన మీద పడుతుందండి. తమరు ఇంకొక్కసారి ఆలోచించండి."

"ఆలోచించే రాశాను. మీరు చక్రం తిప్పండి, చాలు."

ప్రిన్సిపాల్ గారు వెళ్లిపోయారు. నరసయ్య తలుపు వైపు ఓసారి చూశాడు. ఉత్తరం ఆపే ధైర్యం అతనికి లేదు. నకలు మాత్రం తన చేతిలో పని. నకలు లేకపోతే కాలేజీ ఇలాంటి మాట రాయనేలేదని రేపు చెప్పుకోవచ్చు. కుంచె పక్కన పడేసి చెంబెడు నీళ్లు తెచ్చాడు. నా కాగితం మీద గుమ్మరించాడు. ఉత్తరం బోర్లించాడు. చక్రం మీద కోపమంతా చూపించి బిగించాడు.

కాసేపటికి తెరిచి చూశాడు. అసలు ఉత్తరం కొంచెం పాలిపోయింది, చదవడానికి అడ్డేమీ లేదు. నా కాగితం మీద మాత్రం ఊదారంగు మడుగు. ఒక్క అక్షరం మిగల్లేదు. నరసయ్య తృప్తిగా నన్ను మూసేశాడు.

ఆ కోపంలో నూనె కాగితం పెట్టడం మరిచిపోయాడు. మర్నాడు చెమ్మగిల్లిన నాలుగైదు కాగితాల్ని చూడకుండా ఒక్కసారే తిప్పేసి, పొడి కాగితం మీద కొత్త నకలు తీశాడు.

దానమ్మ ఏడు నెలలే చదివింది. తండ్రి పోవడంతో పరీక్ష రాయకుండానే మిషన్ బడిలో పంతులమ్మగా చేరింది. ఆ ఏటి అడ్మిషన్ రిజిస్టరు చెదలు తినేశాయి. టైపు మిషన్లొచ్చాక నాకు పని పోయింది. ఎవరో తెరిచి, తిరగబడ్డ అక్షరాలు చూసి, పనికిరానిదని తేల్చి, పాత రికార్డుల బీరువా పొట్టికాలి కింద ఎత్తుకి పెట్టారు. ఏళ్ల తరబడి ఆ కాలేజీ చరిత్రనంతా నా నెత్తిన మోశాను. నాలో ఉన్న చరిత్ర తప్ప.

నూట పాతికేళ్ల ఉత్సవం వచ్చింది. కొత్తగా కట్టిన మహిళా విభాగానికి 'కాలేజీ మొదటి విద్యార్థిని' పేరు పెట్టాలని కమిటీ నిర్ణయించింది. 1931లో చేరిన ఒక జమీందారు గారి అమ్మాయి పేరు ఖాయమైంది. ఉదయం పదకొండుకి కమిటీ సంతకాలు చేయాలి. తొమ్మిదిన్నరకి దానమ్మ మనవరాలు కరుణమ్మ, రిటైరైన టీచరు, లైబ్రరీకొచ్చి కూర్చుంది.

"మా మామ్మ ఇక్కడ చదివిందండి. నాలుగుసార్లు చెప్పాను కమిటీకి. కాగితం ఉందా అంటున్నారు. చదువుకున్న మనిషిని అబద్ధాలకోరుని చేసేశారు."

లైబ్రేరియన్ షంషాద్ అప్పటికి రెండు వారాలుగా పాత ఆఫీసు గది దులుపుతోంది. కరుణమ్మని అక్కడికే తీసుకెళ్లి, బీరువా జరిపించి నన్ను బయటికి లాగింది. అటెండరు సుబ్బన్న తొంగిచూశాడు.

"ఇది మీ ఉర్దూలా ఉందండి మేడంగారూ."

"మా ఉర్దూ ఇంత వంకరగా ఏడవదు గాని, ఆ కిటికీ తలుపు తియ్యి నాయనా."

కాగితం తిప్పి వెలుగుకు పట్టుకుంది. ఆ తర్వాత ఆమె వేళ్లు పరుగెత్తాయి. 1910. 1911. 1912 జూన్. జూలై. చివరికి ఊదారంగు మడుగు.

"అయ్యో," అంది కరుణమ్మ. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది.

షంషాద్ ఆ కాగితం తిప్పింది. దాని కింది కాగితం మీదా మడుగే, కొంచెం పల్చన. మూడోది తిప్పింది. నూనె కాగితం అడ్డు లేక, నరసయ్య పోసిన నీళ్లు సిరాను మోసుకుంటూ మూడో కాగితం దాకా దిగాయి. దిగేసరికి తడి తగ్గింది. అక్కడ అక్షరాలు సన్నగా, స్పష్టంగా, ఒక్కటీ చెదరకుండా నిలిచాయి. చెంబెడు నీళ్లతో చంపాలనుకున్న మాటని అంత లోతుగా దాచింది ఆ నీళ్లే.

పదకొండుకి నేను కమిటీ బల్ల మీద ఉన్నాను. కన్వీనర్ వక్కలంక అప్పారావు కళ్లజోడు సవరించుకున్నాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. కరుణమ్మ నిలబడి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పింది.

"'కుమారి కోట దానమ్మ మా కాలేజీలో చేరిన మొదటి విద్యార్థిని. ఆమెకు ముందు బల్ల ఇచ్చాము. అది ఆమె మార్కులకు దక్కిన చోటు. అభ్యంతరం ఉన్న పెద్దలు తమ కుమారులను నిరభ్యంతరంగా తీసుకుపోవచ్చు. ఆమె మాత్రం ఇక్కడే చదువుతుంది.'"



"ఎవరికండీ ఈ ఉత్తరం?" అన్నాడు అప్పారావు.

కరుణమ్మ పైవరుస చూసింది. అప్పారావు వైపు ఓసారి చూసింది. "వక్కలంక సోమరాజుగారికి, తక్కిన అర్జీదారులకి."

అప్పారావు కళ్లజోడు తీసేశాడు. "మా ముత్తాతగారు." కలం తీసుకుని, "పేరు దానమ్మగారిదే పెడదాం. సంతకం నేనే ముందు చేస్తాను. కానీ అమ్మగారూ, ఈ ఉత్తరం అద్దాల పెట్టెలో పెడతారు కదా. ఆ పైవరుస మీద ఏదైనా కాగితం ముక్క కప్పితే..."

"వద్దు బాబూ," అంది కరుణమ్మ. "ఉండనివ్వండి. ఆయన అర్జీ పెట్టబట్టే కదా, మా మామ్మ ఇక్కడ చదివిందని కాలేజీ రాసిపెట్టింది!"

షంషాద్ ఫక్కున నవ్వింది. కాసేపటికి అప్పారావూ నవ్వక తప్పలేదు. సంతకం చేశాడు.

ఇప్పుడు నేను దానమ్మ భవనంలో, గుమ్మానికి ఎదురుగా అద్దాల పెట్టెలో ఉన్నాను. మూడో కాగితం తెరిచి, వెనక చిన్న దీపం పెట్టారు. రోజూ క్లాసులకి పోయే అమ్మాయిలు కాస్త ఆగి చదువుతారు. 'ఆమె మాత్రం ఇక్కడే చదువుతుంది' అన్న వాక్యం దగ్గర కొందరు పైకే చదువుతారు. నా ఐదు వందల కాగితాల్లో నేను అన్నిటికంటే గట్టిగా పలికిన మాట అది.