పసుపుపచ్చ అతుకు

టైలరమ్మ మొగుణ్ణి వీధి వీధంతా గొడుగు మాస్టారనే పిలుస్తుంది. బళ్లో చెప్పేది లెక్కలే అయినా ఆయన ధ్యాసంతా గొడుగుల మీదే. ఇంట్లో ఆయన గొడుగులకు గోడ పొడవునా మేకులున్నాయి, ఆవిడ బట్టలకు ఒక్కటే మేకు. ఆ గొడుగుల్లో కొయ్యపిడి ఉన్న నల్లదంటే ఆయనకు పంచప్రాణాలు. అది చిరిగితే ఆవిడే, కుట్టగా మిగిలిన పసుపుపచ్చ గుడ్డతో అతుకు వేసింది. అప్పట్నుంచి దాన్ని మరీ ముట్టుకోనివ్వడు.

ఆ పొద్దున మబ్బు పట్టింది కదా అని ఆవిడ ఆ గొడుగు అడిగింది.

"అది తప్ప ఏదైనా పట్టుకెళ్లవే" అన్నాడు.

ఆవిడకు ఒళ్లు మండింది. "నాకన్నా మీకదే ఎక్కువ. దాంతోనే కాపురం చేసుకోండి!" అని ఉత్తచేతులతో విసవిసా తన టైలరింగు కొట్టుకు వెళ్లిపోయింది. కోపం మిషను తొక్కుతుంటే చల్లారింది గానీ, నోరు జారిన మాట మాత్రం రోజంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

సాయంత్రానికి కుండపోత. కరెంటు పోయింది, ఫోన్లూ పోయాయి. ఆవిడ షట్టరు దించి, పెద్ద వీధిలో నీళ్లు నిలుస్తాయని తడుస్తూ వెనక సందుల్లోంచి ఇల్లు చేరింది. చూస్తే తాళం.

ఎదురింటి పెద్దావిడ కిటికీలోంచి కేకేసింది. "నిన్ను తీసుకురావడానికే పెద్ద వీధిన వెళ్లాడమ్మా! చాలాసేపయింది. కనబళ్లేదూ?"

ఆవిడకు ఆ దార్లోని గుంట గుర్తొచ్చింది. పెద్ద వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత విరిగి వారమైంది. వాన నీళ్లలో అది కనబడదు. కళ్లజోడు తడిస్తే ఈయనకసలేమీ కనబడదు. నా మీద బెంగతోనే బయల్దేరాడు, నేనన్న మాటకే బయల్దేరాడు అనుకుంటూ వెనక్కి పరుగెత్తింది. మోకాలి లోతు నీళ్లలో కాలు తీసి కాలు వేయడమే గగనమైంది.

మలుపు తిరిగి ఆగిపోయింది. సుళ్లు తిరిగే నీళ్ల మధ్య, సరిగ్గా ఆ గుంట మీద, తెరిచిన నల్ల గొడుగు ఒరిగి ఊగుతోంది. దాని మీద పసుపుపచ్చ అతుకు. ప్రాణం పోతే తప్ప ఆయన దాన్ని వదలడు.

"ఏమండీ!" అని నీళ్లలో చతికిలబడి గొడుగు కాడ పట్టుకు లాగింది. రాలేదు. కిందనుంచి ఎవరో పట్టుకున్నట్టే బిగిసిపోయి ఉంది.

"వదలకండి! మీ గొడుగు మీకే, ఎవ్వరికీ ఇవ్వకండి, గట్టిగా పట్టుకోండి!" అని గొంతు చించుకుని ఏడ్చింది.

"లాగకే! బెల్టుతో గుంటలోపలి ఇనప మెట్టుకి కట్టాను!"

తలెత్తితే, కొట్టు వైపు నుంచి నిలువునా తడిసిన మాస్టారు. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో కళ్లజోడు పట్టుకుని వస్తున్నాడు. "నువ్వీ దారినే వస్తావు కదా, గుంట తెలియాలని పెట్టా. కొట్టుకెళ్తే మూసుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి."

ఆవిడ లేచి ఆయన్ని రెండు దెబ్బలు కొట్టింది, ఆ చేతులతోనే గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని గొడుగు ముడి విప్పబోయింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనీవే. ఇంకా ఇళ్లకు చేరనివాళ్లు చాలామంది ఉన్నారు."