ఔను, అంతేకాదు

అనుమానం పెనుభూతం అంటారు గానీ, అద్దాలాయన విషయంలో అది భూతం కూడా కాదు, జోరీగ. చెవిలో దూరి ఒకటే రొద. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేది ఆయన, ఫ్రేములు బిగించేది ఆయన బావమరిది. అలాంటిది, వీధి మలుపులో కొత్తగా వెలిసిన పెద్ద కళ్ళజోళ్ళ దుకాణంలోంచి బావమరిది బయటికి రావడం ఆయన కళ్ళారా చూశాడు. వచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. ఫోను మోగితే మెట్ల మీదికి పోయి మాట్లాడుతున్నాడు. సొరుగులో ఎప్పుడూ ఉండే అతని సన్న స్క్రూడ్రైవరు కూడా కనబడటం లేదు. అతను పోతే దుకాణానికి చెయ్యి విరిగినట్టే. ఆ చిన్న స్క్రూలు ఆయన వేళ్ళకి లొంగడం ఏనాడో మానేశాయి.

అడిగెయ్యొచ్చుగా అంటారా? అడిగే మనిషైతే ఈ కథే లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎప్పటిలాగే దుకాణం వెనక గదిలో ఆటకి కూర్చున్నారు. ఆయన, ఆయన భార్య, బావమరిది, భార్యకి పిన్ని. కథ నడిపేది పిన్ని, మిగతా ముగ్గురివీ అందులో తలో వేషం. ముందుగా అనుకున్నదేమీ ఉండదు, నోటికొచ్చిందే కథ, పాచిక పడ్డట్టే రాత. అరగదీతలో పాడైన అద్దం బల్ల మీద పెడితే అదే నది, గుప్పెడు స్క్రూలు పోస్తే అదే సైన్యం. నియమం మాత్రం ఒక్కటే: బల్ల దగ్గర ఎవరేమన్నా కాదనకూడదు. "ఔను, అంతేకాదు" అని ఇంకో ముక్క కలపాలి. మొగుడితో కాదనిపించుకోని చోటు లోకంలో ఇదొక్కటేనని భార్యకి ఈ ఆటంటే ప్రాణం.

"నదిలో మొసలి నోరు తెరిచింది," అంది పిన్ని.

"అది మా మేనత్తే!" అంది దొంగ వేషం కట్టిన భార్య, తడుముకోకుండా.

"ఔను, అంతేకాదు, పెళ్ళికి పిలవలేదని నీ మీద అలిగి కూర్చుంది," అని పిన్ని అందుకుంది.

"ఔను, అంతేకాదు," అన్నాడు పడవవాడైన బావమరిది, "పిలుపులు మర్చిపోయింది ఇదిగో, ఈ కోట కాపలాదారే!"

కాపలాదారంటే మన అద్దాలాయనే. కాదనడానికి లేదాయె! మొసలికి కాళ్ళెక్కడున్నాయో వెతుక్కుని మరీ పట్టుకున్నాడు. పాచిక వేస్తే అన్నిటికన్నా తక్కువ, ఒకటి పడింది. మొసలి ఆయన లాగు పట్టుకు లాగిందని పిన్ని తేల్చేసింది. భార్య నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఆయనా పగలబడి నవ్వాడు. కాసేపు జోరీగ ఊసే లేదు.

ఆ నవ్వులోనే ఆయనకి ఓ ఉపాయం తట్టింది. వేషంలో ఉండగా అడిగితే ఎవరు తప్పుపడతారు?

"ఓ పడవవాడా! అవతలి ఒడ్డు రాజు నిన్ను కొలువుకి రమ్మన్నాడట. మమ్మల్ని ఇక్కడే వదిలేసి పోతావట, నిజమేనా?"

బావమరిది నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఆయన అదే చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాడు.

"ఔను," అన్నాడు బావమరిది. "అంతేకాదు, నా తెడ్డు అప్పుడే అక్కడికి చేరిపోయింది."

"భేష్!" అని పిన్ని బల్ల చరిచింది. అద్దాలాయనకి మాత్రం సొరుగులోంచి మాయమైన స్క్రూడ్రైవరు గుర్తొచ్చింది. తెడ్డట, తెడ్డు! స్క్రూడ్రైవరని చెప్పొచ్చుగా!

మర్నాడు పొద్దున్నే ఆయన దుకాణానికి కొత్త తాళం వేయించాడు.

బావమరిది వచ్చి పాత తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. మెట్ల మీద నిలబడ్డ బావని చూశాడు.

"తాళం మార్చావా, బావా? ఎందుకు?"

"నువ్వే కదరా ఒప్పుకున్నావు, పోతానని!"

"ఎప్పుడు?... నిన్న బల్ల దగ్గరా?" అతను పాత తాళంచెవి బయటికి లాగాడు. "అక్కడ కాదనకూడదు కదా, బావా. వాళ్ళు పిలిచిన మాట నిజమే. వాళ్ళ మొహం మీదే రానని చెప్పొచ్చాను. మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేస్తున్నారు. నీకు చెబితే కంగారుపడతావని ఊరుకున్నాను."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి చూపించాడు. విరిగిన పిడి తీసేసి దానికి కొత్త పిడి వేయించాడు.

అద్దాలాయనకి సిగ్గు ముంచుకొచ్చింది. కొత్త తాళంచెవి తీసి అందించబోయాడు.

"తప్పైపోయింది రా. ఇదిగో, నీ దగ్గరే ఉంచుకో. ఇంత మాత్రానికే వెళ్ళిపోతావా ఏంటి?"

బావమరిది తాళంచెవి అందుకోలేదు. స్క్రూడ్రైవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఔను, బావా," అన్నాడు. "అంతేకాదు, ఆదివారాలు ఆటకి కూడా రాను."

బల్ల దగ్గరైతే ఆయన దానికి ఇంకో ముక్క కలిపేవాడే. ఇక్కడ, ఎవరూ అందుకోని తాళంచెవిని తన జేబులోనే వేసుకున్నాడు.