ఎవరూ నొక్కని బటన్

కుళాయి తిప్పితే నీళ్లు రాకపోవడం మన ఊళ్లలో వింతేమీ కాదు. కార్పొరేషన్ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలనీల్లో అసలే కాదు. అయినా ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఏడుంబావుకు, నాందేడ్ తరోడా నాకా కూడలి దగ్గరున్న గోదావిహార్ అపార్టుమెంటులో కుళాయిలన్నీ గుర్రుమని గాలి వదిలి ఊరుకున్నప్పుడు, ఆ పదహారిళ్లలో ఒక్కరికి కూడా ఏమైందో కనుక్కుందామని తోచలేదు. ఎవరు చేశారో పట్టుకుందామనే అందరికీ తోచింది. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికే ఈ కథ రాయవలసి వచ్చింది.

మొదట తలుపు తీసి అరిచినవాడు ఉమేశ్. వజీరాబాద్ బజారులో బట్టల దుకాణం నడిపే మనిషి, రెండో అంతస్తు. ఒంటినిండా సబ్బు, నడుముకు తువ్వాలు.

"వత్సల వదినా, ఏంది గిది? కండ్లల్ల సబ్బు వడి మండుతున్నయ్. మోటర్ ఎందుకు వెయ్యలే వాడు?"

వత్సల ఎదురింటి ఆమె. అపార్టుమెంటు సంఘానికి సెక్రెటరీ. భర్త బాబురావ్ ఉద్యోగరీత్యా వారంలో ఐదు రోజులు ముఖేడ్‌లో ఉంటాడు కాబట్టి ఇంటి పెత్తనమూ, అపార్టుమెంటు పెత్తనమూ ఆమెదే. ఆమె చేతిలో అప్పుడు దేవుడి గిన్నెలు ఉన్నాయి, సగం తోమినవి. ఆమెకూ ఒళ్లు మండింది. కిటికీలోంచి వంగి, "భోజన్నా" అని మూడుసార్లు పిలిచింది. పలుకు లేదు. కిందికి దిగి చూస్తే మెట్ల కింది గదికి తాళం వేలాడుతోంది.

భోజన్న ఆ అపార్టుమెంటు వాచ్‌మన్. ధర్మాబాద్ వైపు గోదావరి ఒడ్డున బాబ్లీ అతని ఊరు. ఏడేళ్లుగా ఆ మెట్ల కింది గదిలోనే సంసారం. భార్య ముత్తెమ్మ నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. కూతురు కాజల్ పదో తరగతి, మార్చిలో బోర్డు పరీక్ష. అతనికి ఆ ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే పిల్ల బడి పోతుంది. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు. కానీ తెలిసిన సంగతి అవసరమైనప్పుడు గుర్తుకు రావాలి కదా.

వత్సల ఫోన్ చేసింది. మోగింది కానీ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈసారి అందుబాటులో లేదన్నది.

"చెప్పకుండ పోయిండు," అన్నది.

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో ఉమేశ్ దాన్ని అందుకున్నాడు. "పోలేదు వదినా, పారిపోయిండు. పొద్దుగాల ఆరున్నరకు నేను బాల్కనీల నిలవడి సూసిన. పక్క బిల్డింగు వాచ్‌మన్ కైలాశ్ మన మోటర్ గదికాడ తచ్చాడుతున్నడు. గేటు లోపలికి బయటి వాచ్‌మన్లు రావద్దని మనం దివాళికే రూల్ వెట్టినం గదా. ఏందిరా అంటే, 'భోజన్న చెప్పిండు సేట్' అని ఏమో నసిగిండు. వెళ్లగొట్టిన. ఇద్దరు కలిసి ఏదో చేసిండ్రు."

వత్సలకు ఒక్కసారిగా అన్నీ గుర్తుకు రాసాగాయి. అనుమానం వచ్చిన బుర్ర పాత సామాన్ల కొట్టు, వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. పోయిన వారం భోజన్న నాకా దగ్గర ట్యాంకర్ డ్రైవర్‌తో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. తనను చూసి లేచి నిలబడ్డాడు. అప్పుడు అది మర్యాద అనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే తడబాటులా ఉంది. ఇన్నేళ్లలో వాడెప్పుడూ ఎదురుమాట్లాడకపోవడం కూడా ఇప్పుడు ఆమెకు మంచి లక్షణంగా తోచలేదు.

అపార్టుమెంటు వాళ్లకు ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. పేరు గోదావిహార్ పరివార్. ఏడున్నరకల్లా ఆ పరివారం నిద్ర లేచింది. మూడో అంతస్తు ప్రాచి ఇంట్లోంచే కంప్యూటర్ మీద ఉద్యోగం చేసే అమ్మాయి. ప్రతిసారీ తమ అంతస్తుకే ఇలా జరుగుతోందని, ఇది పనిగట్టుకుని చేస్తున్నదని రాసింది. ఎవరో ఇది నీళ్లు అమ్ముకునే ట్యాంకర్ల వాళ్ల ముఠా పని అన్నారు. ఇంకెవరో దానికి రెండు బొటనవేళ్ల గుర్తులు పెట్టారు. నాలుగో అంతస్తు తుషార్ సీసీ కెమెరా వీడియో తీసి పెట్టేసరికి ఇక అనుమానం అనే మాట కూడా పోయి, నేరం అనే మాట వచ్చింది.

వీడియోలో సమయం తెల్లవారుజామున ఐదుకు పది నిమిషాలు తక్కువ. భోజన్న మోటారు గది తలుపు తీశాడు. చెయ్యి ముందుకు చాచాడు. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. వెనకాల ముత్తెమ్మ చేతిలో సంచి. కాజల్ ముఖానికి ఓణీ అడ్డం పెట్టుకుని ఉంది. ముగ్గురూ గేటు దాటి వెళ్లిపోయారు.

"పిల్లతోని గూడ మొకం దాపిచ్చిండు సూడుండ్రి," అన్నాడు ఉమేశ్.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అయిందని సామెత. ఇక్కడ రాక్షసి కావడానికి ఇంకొక్క మాటే మిగిలింది. దాన్ని ప్రాచి రాసింది. మోటారు ముట్టనివాడు పైకి వెళ్లి ట్యాంకులో ఏమైనా కలిపాడేమో, నిల్వ నీళ్లు ఎవరూ తాగవద్దు. అంతే, ఇళ్లలో ఉన్న కాసిన్ని నీళ్లు కూడా మోరీల పాలయ్యాయి. బకెట్లు, సీసాలు, ఫ్రిజ్జులో చల్లని బాటిళ్లు అన్నీ ఒంపేశారు. నీళ్లు రాలేదని ఏడ్చినవాళ్లే ఉన్న నీళ్లు పారబోశారు.

వత్సల కూడా వంటింట్లోకి వెళ్లి ఇత్తడి బిందె ఎత్తబోయింది. ఆ బిందె పక్కనే పీట వేసుకుని ఆమె అత్త గంగుబాయి కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలామె. ఎన్ని కుళాయిలున్నా రోజూ ఆ బిందె నింపుకోనిదే పడుకోదు.

"ఎత్తకు. నేను తాగిన, సావలే," అన్నది గంగుబాయి. "నీళ్లొద్దంటే మానుండ్రి గని, పారబొయ్యకుండ్రి. అది సరేగని, ఎవలన్న బటన్ నొక్కి సూసిండ్రా?"

వత్సలకు విసుగొచ్చింది. "వాడు మోటర్ ఖరాబ్ చేసిండంటుంటే బటన్ ఏం నొక్కుడు అత్తా? పోలీసులు అచ్చేదాక ముట్టద్దన్నడు ఉమేశ్."

"పోలీసులా? నీళ్లకా?" అని ముసలామె బిందె మీద మూత పెట్టింది.

పోలీసులకు ఫోన్ అయితే చేశారు. ఏం పోయిందని అవతల అడిగితే ఉమేశ్ నీళ్లు పోయాయన్నాడు. అవతల ఫోన్ పెట్టేశారు. దాంతో పోలీసులు కూడా ట్యాంకర్ల వాళ్లతో కలిశారని ఒకరు తేల్చారు. ఇక మనమే తేల్చుకోవాలని కింద గుమిగూడారు. తొమ్మిది కావస్తోంది. తాళం పగలగొట్టారు. గదిలో దొరికినవి ఒక రేకుపెట్టె, గ్యాస్ పొయ్యి, రెండు గొంగళ్లు, గోడ పక్కన అట్టలేసి వరుసగా పేర్చిన కాజల్ పుస్తకాలు. అన్నీ తెచ్చి గేటు బయట పెట్టారు.

సెక్రెటరీ కాబట్టి చివరి మాట వత్సల చెప్పాలి. పుస్తకాల మీద పిల్ల పేరు ఆమె కంట పడింది. కానీ చుట్టూ పన్నెండు మంది నిలబడి చూస్తున్నారు. గేటు బయటి సామాను ఫోటో తీసి, భోజన్న ఫోన్‌కు పంపించింది. కింద ఇలా రాసింది. 'నీ పని పోయింది. సామాన్లు తీస్కపో. లోపలికి రావద్దు.'

ఆ సామాను చూసే కైలాశ్ పక్క బిల్డింగు నుంచి వచ్చాడు. గేటు బయటే ఆగాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"గా మనిషి సామాన్లు గిట్ల రోడ్డు మీద ఎందుకు వెట్టిండ్రు?" అని అడిగాడు.

"నీకు తెల్వదా?" అన్నాడు ఉమేశ్.

"నాకు తెల్సింది చెప్పనియ్యకుండనే వెళ్లగొట్టినవు గద సేట్." కైలాశ్ గొంతు పెంచలేదు. "భోజన్న వాళ్ల అన్న సచ్చిపోయిండు. తెల్లారుజామున నాలుగు గంటలకు బాబ్లీ నుంచి ఫోనచ్చింది. ధర్మాబాద్ దిక్కుపోయే రైలుకు పోయిండ్రు. నాకు ఫోన్ జేసి, 'అన్నా, నేను మైలల ఉన్న, ఆరున్నరకు నువ్వు పోయి మా మోటర్ బటన్ ఒత్తు, ఆళ్లకు కబురు గూడ చెప్పు' అన్నడు. నేనచ్చిన. మీరు ఉరికిచ్చిండ్రు."

ప్రాచి మెల్లగా అడిగింది. "మాకెందుకు చెప్పలేదు? తలుపు కొట్టి చెప్పచ్చు గదా."

"తెల్లారకముందే ఇంటింటి తలుపు కొట్టి సావు కబురు చెప్తరా అమ్మా? కింది ఇంట్ల పసిబిడ్డ బారసాల ఉన్నదట గదా ఇయ్యాల. గందుకే ఊకున్నడు."

"మరి బటన్ నొక్కి పోతే ఏమయ్యేది?" అన్నాడు తుషార్. "రెండు నిమిషాల పని."

కైలాశ్ ఉమేశ్‌ను చూడలేదు, తుషార్‌ను చూడలేదు. వత్సలను చూశాడు. "పోయినేడు వాళ్ల చిన్నాయిన పోయినప్పుడు ఒత్తిండు గద," అని మాత్రం అన్నాడు.

పోయిన ఏడు, ఇలాగే చలికాలం. చిన్నాయన పోయిన మైలలో భోజన్న మోటారు వేశాడని ముత్తెమ్మ నోట విని, తను ఈ గేటు దగ్గరే అందరి ముందూ అన్న మాటలు వత్సలకు గుర్తొచ్చాయి. 'మైలల ఉన్నోడివి మా నీళ్లెట్ల ముట్టినవ్ భోజన్నా? దేవునికి వాడే నీళ్లివి. ఇంకోసారి గిట్ల చేస్తే ఇండ్ల ఉండనియ్య.' అన్నదే కాక ట్యాంకు మొత్తం వదిలించి కడిగించి మళ్లీ నింపించింది. ఆ రోజు కూడా రెండు గంటలు నీళ్లు లేవు. అప్పుడు మాత్రం గ్రూపులో ఎవరూ అడగలేదు.

అన్న చనిపోయాడన్న వార్త చెవిన పడ్డ గంటకు, ఏడుస్తున్న కూతుర్ని వెంటబెట్టుకుని, ఆ మనిషి బటన్ దాకా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నది తన మాట కోసం. అదే చేతిని వీడియోలో పదిసార్లు వెనక్కి తిప్పి చూసి దొంగ చెయ్యి అన్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు కానీ, ఇందులో పెద్ద పిడికిలి తనదేనని వత్సలకు తెలిసిపోయింది. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

పంపిన మెసేజి తుడిచేద్దామని ఫోన్ తీసింది. భోజన్న అప్పటికే చూసేశాడు. ఫోన్ చేసింది. ఈసారి ఎత్తాడు. వెనక ఆడవాళ్ల ఏడుపులు.

"భోజన్నా, నేను..."

"సూసిన అమ్మా," అన్నాడతను. "దినాలైనంక అచ్చి సామాన్లు తీస్కపోత. కాజల్ పుస్తకాలొక్కటి లోపల వెట్టుండ్రి, పదోది గద పిల్లది. నీళ్లకు తిప్పలైతున్నట్టుంది. మోటర్ తాళంచెవి మెట్లకింద మొలకు ఉన్నది. పచ్చ బటన్ ఒత్తుండ్రి, ఎర్రది కాదు. గంటల ట్యాంకు నిండుతది."

ఆమె క్షమించమనే లోపలే ఎవరో అతన్ని పాడె మోయడానికి పిలిచారు. ఫోన్ ఆగిపోయింది.

వత్సల మెట్ల కిందికి వెళ్లింది. తాళంచెవి గోడ మేకుకే వేలాడుతోంది, రోజూ పదహారిళ్ల వాళ్లు దాని పక్కనుంచే దిగుతారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట. పచ్చ బటన్ నొక్కింది. మోటారు చక్కగా తిరిగింది. పది నిమిషాల్లో మేడ మీద ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆమె గేటు బయటికి వెళ్లి కాజల్ పుస్తకాలు రెండు చేతులా ఎత్తుకుని లోపల పెట్టింది. వెనకాల ఉమేశ్ తలవంచుకుని రేకుపెట్టె ఎత్తాడు.

మరునాడు పొద్దునే వత్సల రైలెక్కి బాబ్లీ వెళ్లింది. ఆ ఇంటివాళ్లందరి ముందూ తప్పు ఒప్పుకుంది. ఏ మైల మాటతో అతన్ని నిందించిందో, ఆ మైల ఇంట్లో కూర్చుని మంచినీళ్లు అడిగి తాగింది. తిరిగి రమ్మని అడిగితే భోజన్న గోడ వంక చూశాడు. "పిల్ల పరీక్ష ఉన్నది, అస్త," అన్నాడు.

పదకొండో దినం అయ్యాక వచ్చాడు. అన్నాళ్లూ మోటారు వంతులవారీగా ఇళ్లవాళ్లే వేసుకున్నారు. ఎవరికీ ఏ కష్టమూ రాలేదు. కానీ ఇప్పుడు భోజన్న మునుపటి భోజన్న కాదు. నాకా దాకా పోవాలన్నా రెండో అంతస్తు ఎక్కి, వత్సల గడప బయట నిలబడి, "పోయి అస్త అమ్మా, ఏమనుకోకుండ్రి," అని చెప్పి పోతాడు. మోటారు వేసేముందు ఒకసారి తల ఎత్తి కెమెరా వంక చూస్తాడు.

ఆ నెల సంఘం మీటింగులో ఉమేశ్ అన్నాడు. "ఏదేమన్న గని, ఈ రోజుల్ల జాగ్రత్త ఉండాలె గద."

అప్పుడు వత్సల లేచి నిలబడింది. "జాగ్రత్త ఉండాలె. నేను కాదంటలేను. కని మనం చేసింది జాగ్రత్తనా? రెండు గంటలు నీళ్లు రాకుంటే ఏడేండ్లు మన ఇండ్లు కాసినోన్ని రోడ్డు మీద వేసినం. ఆగిన నీళ్లు పది నిమిషాలల్ల అచ్చినయ్. ఆయన నమ్మకం ఇంక రాలే, అస్తదో రాదో నాకు తెల్వదు. ఇగనుంచి మన ఇండ్లల్ల ఏ చిన్న తిప్పలచ్చినా, ముందుగాల అడుగుదాం. అనుమానపడుటానికి తర్వాత కావలసినంత టైం ఉంటది."