సాగదీసిన కీర్తన

సబీనాకు అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే. కొడుకు ట్రౌగొట్ దగ్గి దగ్గి బడి మిద్దె మీదే ప్రాణం విడుస్తాడని.

వాడికి ఎనిమిదేళ్ళు. గొంతు బాగుందని నిచ్చె అనే చర్చి పాటల పంతులు వాణ్ణి తన బడిలో చేర్చుకున్నాడు. తిండీ చదువూ ఊరికే. అందుకు బదులు శవాల ముందు మంచులో నడుస్తూ పాడాలి, పండుగలకు గుడిలో పాడాలి. పిల్లలు పడుకునే మిద్దె మీద పొయ్యి లేదు. అక్కడికి ఆడవాళ్ళను రానివ్వరు, కన్నతల్లులైనా సరే. పవిత్రమైన చోటు మరి! ఎలుకలకు మాత్రం అడ్డులేదు.

సాక్సనీ కొండలన్నీ గడ్డకట్టిన ఫిబ్రవరిలో, కొవ్వొత్తుల పండుగనాడు, ఆమె గుడి మెట్ల మీద పంతులుకు అడ్డుపడింది.

"అయ్యగారూ, మావాడికి ఒళ్ళు కాలిపోతోందట. ఇవాళ్టికి వదిలెయ్యండి."

"వదిలేస్తే సన్నటి పైగొంతు ఎవరు పాడతారమ్మా, నువ్వా?" నిచ్చె విగ్గు సర్దుకున్నాడు. "అయినా ఇవాళ పాడేది చావు గురించిన కీర్తన. కాస్త నీరసంగా పాడినా అందమే."

ఆయన లోపలికెళ్ళాక రొట్టెలు కాల్చే ఉర్సులా మూతి తిప్పింది. "మహానుభావుడే! పెళ్ళాం దగ్గినా దానికో రాగం కట్టేస్తాడు."

ఆ కీర్తన ఊరందరికీ నోటికొచ్చు. అంట్లు తోముతూ పాడుకునేదే. నిచ్చెగారికి అది ఆనలేదు. పైగొంతు పిల్లల చేత ఒక్కో మాటనూ తీగపాకంలా సాగదీయించి, దాని కింద మిగతా గొంతుల్నీ ఫిడేళ్ళనూ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తించాడు. గంప కింద నుంచి తప్పించుకున్న కోళ్ళు నయం. ముందు వరుస పెద్దమనుషులు కళ్ళు మూసుకుని తలలూపారు. భక్తో, కునుకో.

రెండో చరణం మధ్యలో, పైన పాటగాళ్ళ అటక మీద ట్రౌగొట్‌కు దగ్గుతెర వచ్చింది. వాడి గొంతును అనుసరించి పాడే పిల్లలు కూడా ఆగిపోయారు. నిచ్చె కళ్ళురుముతూ తాళం వేసే కాగితపు చుట్టతో వాడి వైపే గాలిలో కొట్టాడు.

వాడు మళ్ళీ నోరు తెరిచేలోగా సబీనా కింద బల్లమీంచి పాట అందుకుంది, ఇంట్లో పాడుకునే నడకలోనే. ఉర్సులా కలిసింది. ఆ వెంటనే ఆడవాళ్ళ బల్లలన్నీ కలిశాయి. సాగదీసే ఓపిక ఎవరికుంది? పంతులు ఇంకా ఒక మాట దగ్గరే ఉండగా వీళ్ళు చరణం ముగించేశారు. ఫిడేళ్ళు ఒక్కొక్కటే సిగ్గుపడి ఊరుకున్నాయి.

ఆరాధన అయ్యాక నిచ్చె బుసకొడుతూ దిగాడు. "గుడిని చేపల బజారు చేశావు కదే!"

"చేపల బజార్లో అయినా పిల్లల్ని చలికి చంపరు. వాణ్ణి ఇంటికి తీసుకెళ్తా."

"గొంతు మారేదాకా వాడు బడి సొత్తు."

"గొంతు మీ సొత్తేనయ్యా, ఊపిరి నేను పోసింది!"

ఆయన పిల్లవాడి రెక్క పట్టుకుని బడిలోకి లాక్కెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆమె ఇంకా ఆ తలుపు ముందే నిలబడి ఉంది, వాడి కోసం తెచ్చిన పాలచెంబు శాలువా కింద దాచుకుని. బాబ్బాబు, ఇది చదివే మగవాళ్ళెవరినైనా లోపలికి పోనిస్తే, మిద్దెక్కి ట్రౌగొట్ నుదుటి మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడండి. ఎలా ఉన్నాడో వచ్చి ఆమెకు చెప్పండి.