ఆగిన మగ్గాల వార్త

సదానందం ముప్పై ఏళ్లు పత్రికలో వార్తలు దిద్ది, ఇప్పుడు హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో జర్నలిజం చెబుతున్నాడు. చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పెన్ను పట్టినవాడికి అడగడం రాదు, ఫోన్ పట్టినవాడికి ఆగడం రాదు. ఇద్దరూ ఇద్దరే.

ఆ పొద్దున కొత్తవాడలో ఒక పవర్‌లూమ్ షెడ్డు అంటుకుంది. సగంమందిని నోటు పుస్తకాలతో, సగంమందిని ఫోన్లతో పంపాడు. పుస్తకాల జట్టు సందు మొదట్లో చాయ్ తాగి, విలేకరుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది ఉన్నదున్నట్టు ఎక్కించుకొచ్చింది. ఫోన్ల జట్టులోని భరత్ ఇంకా ఘనుడు. సందులో ఒక్క మగ్గం చప్పుడు లేదు. గల్లీలో మనిషి పోతే మగ్గాలు ఆపుతారని వాళ్ల తాత ఎప్పుడో చెప్పాడు. కాలిన మగ్గం రాజలింగు అనే నేతగాడిదట. ఇంకేం, రాజలింగు సజీవ దహనమని రాసి, ఏఐ గొంతుతో చదివించి, కాలేజీ చానెల్లో పెట్టేశాడు.

మధ్యాహ్నం చేతికి కట్టుతో రాజలింగే క్లాసులోకి వచ్చాడు.

"నేను సచ్చిన్నని ఎవలు చెప్పిన్రు సార్? మా ఇంటామె పాలకుర్తిల తల్లిగారింట్ల ఉన్నది. గా వీడియో చూసి ఏడ్సుకుంట బస్సెక్కిందట. గుండె ఆపరేషన్ అయిన మనిషి. నా ఫోన్ షెడ్డుల్నే కాలిపాయె."

సదానందం భరత్ వైపు తిరిగాడు. "కరెంటు తీసేస్తే మగ్గాలు ఆగయారా? ఒక్కల్నన్న అడిగినవా?"

"డిలీట్ చేసిన సార్, ఫికర్ లేదు. విజువల్స్ అయితే మస్తు వచ్చినయ్."

సదానందానికి ఒళ్లు మండిపోయింది. ఇలాంటి వెధవకు పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"ఆమెకు ఫోన్ కొట్టు. నీ నోటితోనే చెప్పు."

రాజలింగు నంబరు చెబితే భరత్ కొట్టాడు. బస్సు రొదలో రాజలింగు భార్య శ్యామలమ్మ ఏడుపు స్పీకర్లోంచి క్లాసంతా వినిపించింది. రాజలింగు ఫోన్ లాక్కున్నాడు.

"శ్యామలా, నేనే. మంచిగున్న. జర ఏడువకు."

ఏడుపు ఠక్కున ఆగింది. రాజలింగు మొహం వికసించింది.

"మిషిన్ ఎవల గొంతైన చేస్తదని పోరగాండ్లు చెప్తే నమ్మలే," అందామె. "సచ్చినోని గొంతుతోని గూడ ఆటలాడుతాండ్రారా? మీ నోట్ల మన్నువడ! థూ!"

ఫోన్ పెట్టేసింది. రాజలింగు మళ్లీ మళ్లీ కొట్టాడు. ఆమె ఎత్తలేదు.