పొగమంచులో ఓటు

ఆ ఉదయం పొగమంచు టిక్కెట్టు కొన్న మనిషిలా స్టేడియంలోకి వచ్చి, తీరిగ్గా కుర్చీల్లో కూర్చుంది. తొమ్మిదయినా లేవలేదు. మైదానం మధ్యలో నిలబడి చెయ్యి చాపితే నా వేళ్లే నాకు పరాయి వేళ్లలా కనిపించాయి.

మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఫైనల్. ఆడించకూడదన్నాను. లీగ్ కమిషనర్‌ని కాబట్టి ఆ మాట చెప్పే హక్కు నాకుంది. చెప్పినందుకు నన్ను దించేసే హక్కు నలుగురు జట్టు యజమానులకుంది. కాకపోతే నలుగురూ ఒక్కటవ్వాలి. వాళ్లలో ఒకాయన మా అన్నయ్య. చెల్లెలు కదా, చెప్పినట్టు వింటుందని పట్టుబట్టి నన్నీ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే. ఒకే ఇంట్లో పెరిగి కూడా నా మొండితనం తెలుసుకోలేదు, పాపం.

పోయినేడు ఇలాంటి మంచులోనే ఆడించారు. అన్నయ్య జట్టు గోల్‌కీపర్ బంతి కోసం పరుగెత్తి గోల్ పోస్టుకు గుద్దుకున్నాడు. ఇప్పుడతనికి ఒక కన్నే ఉంది. ఇంకే తల్లికీ ఇలా కానివ్వకమ్మా అని వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. ఆవిడ గుర్తొస్తే నాకు తిండి సహించదు.

ఆట వద్దన్నానని తెలిసి నలుగురు యజమానులూ మైదానం మధ్యకే వచ్చి నన్ను చుట్టుముట్టారు.

"మంచెక్కడుందండీ, శుభ్రంగా కనిపిస్తుంటే!" అన్నాడు సిమెంటు ఫ్యాక్టరీ ఆయన, నేను ఎడమ పక్కనున్నాననుకుని అటు తిరిగి. నేను ఆయన కుడి పక్కనున్నాను.

"టీవీ వాళ్లు కెమెరాలు బిగించుకుని కూర్చున్నారు. మీ చాదస్తంతో మా కొంప ముంచకండి," అంది మందుల కంపెనీ ఆవిడ. బస్సుల యజమాని దగ్గాడు. ఒప్పుకున్నానని చెప్పడానికి ఆయన దగ్గుతాడు.

"మొండికెయ్యకే చిట్టీ," అన్నాడు అన్నయ్య. "ఆడించు. లేదంటే నేను కూడా నిన్ను కాపాడలేను."

"కాపాడమని అడిగానా? ఓటెయ్యండి."

మా లీగ్‌లో ఓటంటే చీటీ కాదు, చెయ్యెత్తడమూ కాదు. తొలినాటి యజమానులకు ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం మరి! మైదానం మధ్య నుంచి నడవాలి. కమిషనర్‌ని దించాలనేవాళ్లు తూర్పు గోల్ దగ్గరికి, ఉంచాలనేవాళ్లు పడమటి గోల్ దగ్గరికి. ఎవరు ఎక్కడికి చేరితే అదే వాళ్ల ఓటు.

నలుగురూ కదిలారు. ముందు బూట్లు మాయమయ్యాయి, తర్వాత భుజాలు, చివరికి దగ్గు. నాకు కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నట్టుంది. పైనెక్కడో సూర్యుడున్నట్టున్నాడు, తెలుపులో ఇంకాస్త తెలుపు. కుర్చీ పోతుందన్న భయం కూడా మెత్తబడి, ఎవరో నాకు చెబుతున్న సంగతిలా అనిపించింది.

"ఏమండీ, ఇటేనా?"

"ఇటు మెట్లొచ్చాయండీ!"

"ఎవరిదీ చెయ్యి?"

"నాదే, వదలండి!"

వాళ్ల సొంత మైదానం! అద్దాల గదిలోంచి చూడడమే తప్ప ఏనాడైనా అడుగుపెట్టి నడిస్తే కదా. నవ్వాపుకోలేక చచ్చాను.

అంతలో పడమటి వైపు ఖంగుమని ఇనుము మోగింది. వెంటనే "అమ్మా!" అన్న కేక. అన్నయ్య గొంతు. నవ్వు ఎటు పోయిందో, ఆ గొంతు వైపు పరుగెత్తాను.

గోల్ పోస్టును రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నుదుటి మీద అప్పుడే బొప్పి కడుతోంది. రుమాలు తీసి అద్దాను.

"దారి తప్పావన్నయ్యా. ఇది పడమర. నువ్వు వెళ్లాల్సింది అటు," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ప్రాణం పోయినంత పనయింది.

ఆయన కదల్లేదు. తడి ఇనుమును అరచేత్తో తడిమాడు.

"అసలు కనపడలేదే," అన్నాడు. "నడుస్తుంటేనే ఇంత దెబ్బ తగిలింది. వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు కదూ?"

అవునన్నాను.

"పెద్దాయనా!" తూర్పు నుంచి పిలుపు తేలుతూ వచ్చింది. "మేం ముగ్గురం చేరాం! మీరెక్కడ?"

అన్నయ్య ఆ పోస్టును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నేనూ చేరాను," అని అరిచాడు. "ఇవాళ ఆట లేదు!"