ఆయన పేరు మీద రాసిన జవాబు

"నొక్కడమేగా. నువ్వే నొక్కెయ్," అని భర్త ఫోను తెచ్చి వంటగట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఆమె చేతులు అప్పుడు అడుగంటిన పాలగిన్నెలో ఉన్నాయి. చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకోవాలా, గిన్నె అయ్యాక చూడాలా అని ఒక్క క్షణం ఆగింది. చివరికి రెండూ చేసింది. ఫోనును ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టి, గిన్నె తోముతూ మొదటి పాఠం వింది: ఆడమనిషి తన బాధ చెప్పుకుంటుంటే ఎవరూ తలుపు తోసుకుని రాకూడదు.

అది భర్త తన పేరు మీద చేరిన డాక్టర్ల కోర్సు. గర్భం రాకుండా చూసుకోవడం, గర్భం నిలవడం, పోవడం, నెలసరి బాధలు, భార్యాభర్తల మధ్య వచ్చే జబ్బులు, ఇలా ఇళ్ళల్లో ఎవరూ నోరెత్తని సంగతులన్నీ అందులో ఉన్నాయి. సగం చదువు ఇంట్లోనే. ఫోనులో పాఠాలు చూడాలి, ప్రశ్నలకి జవాబులు రాయాలి, అప్పుడప్పుడు ఆదివారాలు అందరూ కెమెరాల ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. మిగతా సగం ట్రైనింగ్ సెంటరుకి వెళ్ళి బొమ్మల మీద చేత్తో నేర్చుకోవాలి. అది పాసైన డాక్టరుంటే క్లినిక్కులో ఆడవాళ్ళకి వేరే గది పెట్టుకోవచ్చు. వాళ్ళ క్లినిక్కులో వెనక గది ఒకటి అట్టపెట్టెలతో నిండి ఉంది. భర్త కన్ను దాని మీద పడింది.

ఆమె కూడా డాక్టరే. ఈ మాట విడిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఆ ఇంట్లో, ఆ వీధిలో అది ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. మొదటి కాన్పు తర్వాత భర్త "ఒక్క ఏడాది ఆగు" అన్నాడు. రెండో కాన్పు తర్వాత ఏమీ అనలేదు, అనాల్సిన పని పడలేదు. తర్వాత క్లినిక్కులో మందులిచ్చే మనిషి మానేస్తే "రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చో" అన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. వచ్చేవాళ్ళంతా ఆమెని "మందులమ్మ" అంటారు. అత్తగారైతే, "ఇద్దరూ డాక్టర్లైతే ఇంట్లో రోగి ఎవరే అమ్మాయ్?" అని నవ్వేది. మంచి మనిషే. నవ్వాక ఇంకో కప్పు టీ అడిగేది. అయినా డాక్టరుగా తన రిజిస్ట్రేషన్ గడువు దాటిపోకుండా ఆమె ఎప్పటికప్పుడు చూసుకుంటూనే వచ్చింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తనకే తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

మొదట్లో విసుగ్గానే నొక్కింది. బట్టలు మడతపెడుతూ రెండో పాఠం, కూరగాయలు తరుగుతూ మూడోది. తర్వాత తర్వాత విసుగు ఎటో పోయింది. చాలాసేపు మడుచుకుని కూర్చున్న కాలు తిమ్మిరెక్కుతుంది కదా, చాపగానే రక్తం పారి సూదులు గుచ్చినట్టు ఉంటుంది. అలా ఉంది ఆమెకి. నొప్పిగానూ ఉంది, కాలు ఇంకా ఉందన్న ధైర్యమూ ఉంది. పాఠం ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నది. పిల్లలు "అమ్మ సినిమా చూస్తోంది" అనుకున్నారు.

ఒక పాఠం చివర ఒక ప్రశ్న వచ్చింది. భార్యాభర్తలు వస్తారు. గర్భం రాకుండా భార్యకి లోపల లూప్ వెయ్యమని భర్త చెబుతాడు. భార్య తలొంచుకుని ఉంటుంది. మీరేం చేస్తారు? ఆమె ఈల వేస్తున్న కుక్కరు కట్టేసి, నిలబడే రాసింది. "ముందు భర్తని బయట కూర్చోమంటాను. ఎవరికీ చిన్నతనం కాకుండా, బీపీ చూడాలని చెప్పి పంపిస్తాను. తలుపేశాక వెంటనే ఏమీ అడగను. ఆమె కుర్చీ బల్లకి ఎదురుగా కాకుండా నా పక్కకి జరుపుతాను. ఆమెకి నోరు రావడానికి కాస్త టైము పడుతుంది. ఆ టైము ఇవ్వడం కూడా వైద్యమే."

కింద భర్త పేరుంది. మర్నాటికి పాఠం చెప్పే మేడం నుంచి మెచ్చుకోలు వచ్చింది. "మగ డాక్టరై ఉండి ఆడవాళ్ళ మనసు ఇంతగా కనిపెట్టారు. అందరూ చదవాల్సిన జవాబు." భర్త దాన్ని భోజనాల దగ్గర వాళ్ళమ్మకి చదివి వినిపించాడు. రెండుసార్లు. "మా వాడు చిన్నప్పట్నుంచీ మెత్తనివాడే," అంది అత్తగారు. ఆమె చారు వడ్డిస్తూ వింది. భర్త తలెత్తి, "బాగా రాశావోయ్," అని కన్ను గీటాడు. అది పొగడ్తే. దొంగ సరుకు బాగా దాచినవాడికి ఇచ్చే పొగడ్తలా ఉంది.

ఆ జవాబు ఆమెకి పుస్తకంలోంచి రాలేదు. రెండో కాన్పప్పుడు, ఇంకా బల్ల మీద ఉండగానే, ఆమెకి లూప్ వేశారు. చెప్పలేదు. నెలన్నర తర్వాత కడుపులో సలుపుతోందని చూపించుకోవడానికి వెళితే, చూసినావిడ "లూప్ దారాలు కిందికి దిగాయి, ఏం పర్లేదు," అంది. "ఏ లూపు?" అని అడిగింది ఆమె. డాక్టరు చదివిన మనిషి, తన ఒంట్లో ఏముందో ఇంకొకర్ని అడిగి తెలుసుకుంది. ఇంటికొచ్చి నిలదీస్తే భర్త తెల్లబోయాడు. "సంతకం నేనే పెట్టాను. లూపంటే నీకు తెలియని విషయమా? ఎలాగూ వేయించుకునేదానివేగా!" అందులో అబద్ధం లేదు. వేయించుకునేదేనేమో. ఇన్నేళ్ళుగా గొంతు దిగనిది అదే. ఆయన చెడ్డవాడైతే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేది. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె తరఫున ఆలోచించెయ్యడం అలవాటైపోయింది, అంతే.

ఆ వారంలోనే బట్టలు కుట్టే ఆవిడ మందుల కిటికీ దగ్గరకొచ్చింది. పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్ళలు ఆవిడకి మందులమ్మ భర్తే రాసిచ్చాడు. ఆవిడ కిటికీలోకి వంగి గొంతు తగ్గించింది.

"మందులమ్మా, తలనొప్పి చంపేస్తోంది. వచ్చేముందు కళ్ళముందు మెరుపులు. సూదిలో దారం కూడా ఎక్కించలేను."

"సారుకి చెప్పారా?"

"ఆయనకేం చెప్పను? తలెత్తితేగా."

ఆమె గబగబా లోపలికెళ్ళి చెప్పింది. మెరుపులతో వచ్చే తలనొప్పి ఉన్నవాళ్ళు ఆ బిళ్ళలు వేసుకోకూడదు, మెదడులో రక్తం గడ్డకడితే కాలూ చెయ్యీ పడిపోవచ్చు. చదువుకున్న రోజుల్లోనూ తెలుసు, మొన్నటి పాఠంలోనూ ఉంది. భర్త ఇంకో రోగి గుండె వింటున్నాడు. "కుట్టుపనివాళ్ళకి అది మామూలే. కళ్ళద్దాలు పెట్టించుకోమను," అన్నాడు. ఆమె తిరిగొచ్చి ఆ బిళ్ళలు వెనక్కి తీసేసుకుంది. "ఇవి ఇక వద్దు. వేరేది చూసేదాకా మీ ఆయన్ని తొడుగు వాడమనండి. బీపీ చూస్తాను, రండి," అంది. ఆ తర్వాత చాలాసేపు ఆమెకి పని మీద ధ్యాస కుదరలేదు. రేపు వెనక గది వస్తుంది. అందులో ఆయన కూర్చుంటాడు, ఆమె జవాబులతో వచ్చిన సర్టిఫికెట్ గోడకి తగిలించుకుని. ఈవిడలాంటివాళ్ళు ఆ కాగితాన్ని నమ్మి లోపలికొస్తారు. ఆయన తలెత్తడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఫోను పెట్టుకుని భర్త కూర్చున్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత పైజామా. కెమెరాకి అందకుండా పక్కన చిన్న పీట మీద ఆమెని కూర్చోమన్నాడు. "తడబడితే అందిస్తూ ఉండు." తెర నిండా చిన్న చిన్న గళ్ళల్లో డాక్టర్ల మొహాలు. మధ్య గడిలో మేడం, పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టుతో.

"అందరూ ఆ జవాబు చదివారుగా. ఇప్పుడు చేసి చూద్దాం," అంది మేడం. "ఆ భార్యని నేనే. మా ఆయన బయటికెళ్ళాడు. డాక్టరు గారూ, కానివ్వండి."

భర్త గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరండీ."

"ఇంకేం, చాలుగా. లూప్ వేయించేసుకో."

"భయంగా ఉందండీ."

"భయమెందుకు? చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

ఎవరో ఒక లేడీ డాక్టరు మైకు ఆపడం మర్చిపోయింది. "ఈయన్ని అక్కడ ఎన్ని చీమలు కుట్టాయో!" అన్న మాట అందరికీ వినబడింది. గళ్ళన్నీ నవ్వాయి.

భర్త కాలితో పీటని తన్నాడు. ఆమె "ఎందుకు భయమో అడగండి," అని గొణిగింది. "ఎందుకు భయం?" అన్నాడు భర్త, "మీ ఆయన నీ మంచికేగా చెప్పింది!"

మేడం మొహంలోంచి ఆ భార్య వెళ్ళిపోయింది. "డాక్టరు గారూ, మీ జవాబులో 'వెంటనే ఏమీ అడగను' అని ఉంది. అలా ఎందుకు రాశారు?"

భర్త పక్కకి చూశాడు. ఆయన పక్కకి చూడటం అన్ని గళ్ళూ చూశాయి.

"పక్కన ఎవరండీ?"

"మా ఆవిడండీ. టీ ఇవ్వడానికి వచ్చింది."

బల్ల మీద టీ లేదు. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది, లేని కప్పుని. ఇప్పుడు ఊరుకుంటే ఆయన ఎలాగో గట్టెక్కుతాడు, తను మరో రెండు మాటలు అందిస్తుంది, మేడం తల ఊపుతుంది. ఇలా ఊరుకోవడం ఆమెకి కొత్త కాదు. ఊరుకున్న ప్రతిసారీ ఇల్లు చల్లగానే ఉంది. కానీ ఇది ఇంటి సంగతి కాదు. వెనక గదిలోకి వచ్చేది తను కాదు, కళ్ళముందు మెరుపులు చూస్తున్న ఆవిడ. తన మీదికి వచ్చినవి తను మింగవచ్చు. ఆవిడ మీదికి వచ్చేది మింగడానికి తనెవరు? ఆ లెక్క తేలాక లేవడం పెద్ద కష్టం కాలేదు. ఆమె పీట పక్కకి తోసి, కుర్చీ లాక్కుని భర్త పక్కన కెమెరాలోకి వచ్చి కూర్చుంది.

"టీ ఇవ్వడానికి కాదండీ, జవాబు ఇవ్వడానికి వచ్చాను. అది రాసింది నేను. మొదటి పాఠం నుంచీ అన్నీ నేనే రాశాను. నేనూ డాక్టర్నే."

చీమల డాక్టరు ఈసారి మైకు ఆపేసుకుంది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "అయితే మీరు కానివ్వండి. నేనింకా పేషెంటునే."

ఆమె భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మీరు కాస్త బయట కూర్చోండి."

"నేనా?"

"బీపీ చూడాలి."

"వెళ్ళరా," అంది ముందుగదిలోంచి అత్తగారి గొంతు, "అవతల అందరూ చూస్తున్నారు!"

భర్త లేచాడు. లేచాక పాత పైజామా అందరికీ కనబడింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఆమె వెంటనే ఏమీ అడగలేదు. కొంచెం ఆగి, "మీ ఆయన చెప్పింది విన్నాను. మీరు చెప్పేది ఇంకా వినలేదు. తొందరేం లేదు," అంది. మేడం తలొంచుకుంది. అందరూ ఎదురుచూశారు. వంటింట్లో కుళాయి చుక్కలు పడటం వినబడేంత సేపు ఎదురుచూశారు. చివరికి మేడం చిన్న గొంతుతో, "ఇంకో బిడ్డ కావాలో వద్దో నాకే తెలీదండీ," అంది.

"తెలియనప్పుడు ఈరోజు ఏదీ వెయ్యను. ఏమేం ఉన్నాయో, దేంతో ఏమవుతుందో చెబుతాను. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. మీ ఒంట్లో ఏం పెట్టినా మీకు తెలిసే పెడతాను."



అందరూ వెళ్ళిపోయాక మేడం ఆమెని ఉండమంది. "ఈ జవాబులు కొట్టెయ్యాలి. ఆయనకీ పనికిరావు, మీకూ ఇవ్వలేను. మీ పేరుతో చేరి మొదటి పాఠం నుంచి మళ్ళీ చెయ్యాలి. విసుగనిపించదూ?"

"ఇప్పటిదాకా నిలబడి విన్నానండీ. ఈసారి కూర్చుని చూస్తాను."

మేడం నవ్వింది. "సెంటరులో చెయ్యి తిరిగేదాకా లూపులూ అవీ మాత్రం వెయ్యకండి."

"వెయ్యను. ముందు వినాల్సినవే చాలా ఉన్నాయి."

తలుపు తీసేసరికి భర్త వసారాలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "బీపీ ఎంతుందట?" అన్నాడు వెటకారంగా. ఆమె పీట తీసి గోడకి ఆనించింది. "నలుగురిలో నా పరువు తీశావు." ఆయనే కాసేపు అటూ ఇటూ తిరిగి చల్లబడ్డాడు. "సరే, నువ్వే చెయ్యి. సర్టిఫికెట్ వచ్చాక చూద్దాం. అప్పటిదాకా మందుల దగ్గర..."

"మందుల దగ్గరకి మనిషిని చూడండి. రేపట్నుంచి నేను వెనక గదిలో కూర్చుంటాను."

"సర్టిఫికెట్ రాకుండానా?"

"రానిది కోర్సు సర్టిఫికెట్. డాక్టరు సర్టిఫికెట్ మీకెప్పుడొచ్చిందో నాకూ అప్పుడే వచ్చింది."

ఆమె అప్పటికే గది గురించి ఆలోచిస్తోంది. అట్టపెట్టెలు తీసెయ్యాలి. బల్ల కిటికీ వైపు వేసుకోవాలి. బట్టలు కుట్టే ఆవిడకి కబురు చెయ్యాలి.

"పొద్దున్నే వడ్రంగిని రమ్మనండి," అంది. "ఆ గది తలుపుకి లోపలి వైపు గడియ పెట్టించాలి."

"లోపల గడియ ఎందుకు?"

"మొదటి పాఠంలోనే ఉంది. చూడండి."